తోబుట్టువుల మధ్య ఆస్తి పంపకం: తగవు ముదరకముందే చేయాల్సిన పనులు

నాన్న వీలునామా రాయకుండా పోతే, పంపకం మాట ఎత్తడమే తప్పని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆ మౌనంలోనే అనుమానాలు పెరుగుతాయి. పెద్దకర్మ అయ్యాక నలుగురూ ఒకచోట కూర్చుని, హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలు ఈ వరసలో సాగితే తగవు చాలావరకు తగ్గుతుంది.

1. కాగితాలు బయటపెట్టండి

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అసలు దస్తావేజులు, లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదులు, తాజా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పోగుచేయండి. అప్పులూ రాయండి. జిరాక్సు కాపీలు అందరి చేతిలో ఉండాలి. కాగితాలు ఒక్కరి బీరువాలోనే ఉంటే మిగతావారికి నమ్మకం కుదరదు.

2. వాటాదారులను తేల్చండి

ఆస్తి నాన్న స్వార్జితమైతే అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే నాలుగెకరాల్లో తలా ఎకరం. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే లెక్క మారుతుంది, వకీలు చేత వేయించుకోండి. అందులోనూ కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంది. చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి లేకపోయినా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న మాటతో ఆడపిల్ల వాటా పోదు. ఆమె ఇష్టపూర్వకంగా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయాలి. ఆమెను ఆఖర్న సంతకానికి మాత్రమే పిలవడం అన్యాయం. మొదటి రోజునే పిలవండి.

3. వాటాలు వేయండి

అసలు ఓపిక ఇక్కడే కావాలి. ముందు సర్వేయరు చేత కొలిపించండి. విస్తీర్ణం సమానమైనంత మాత్రాన విలువ సమానం కాదు. రోడ్డు పక్క బిట్టు కాస్త చిన్నదిగా, లోపలిది కాస్త పెద్దదిగా వేయండి. బోరు ఎవరి వాటాలో పడినా నీటి వంతులు, మోటారు మరమ్మతు ఖర్చు, పైపులైను వెళ్లే చోటు రాసుకోవాలి. లోపలి పొలానికి ట్రాక్టరు పట్టేంత బాట వదిలి, వెడల్పు అడుగుల్లో రాయండి. ‘దారి ఉంది’ అని రాస్తే చాలదు. వాటాలు కుదిరాక అందరి ఎదుటా చీట్లు తీయండి.

ఇల్లు కోయలేం. ఒకరు ఉంచుకుని మిగతావారికి సొమ్ము ఇవ్వడం మేలు. ఎవరు ఉంచుకున్నా, అమ్మ జీవితాంతం అందులో ఉండే హక్కును దస్తావేజులోనే రాయాలి.

4. రిజిస్టర్ చేయండి

తెల్లకాగితం మీద సంతకాలతో సరిపెట్టవద్దు. స్థిరాస్తిని పంచే దస్తావేజు రిజిస్టర్ కాకపోతే హక్కుకు రుజువుగా నిలవదు. సర్వే నంబర్లు, నాలుగు దిక్కుల హద్దులు, ప్లాను పెట్టి, సంతకాలైన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. తెలంగాణలో సాగుభూమికి ఈ పని తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. తర్వాత ఎవరి వాటా వారి పేర మ్యుటేషన్ అయిందో లేదో సరిచూసుకోండి.

5. మాట కుదరకపోతే

దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. పంపకం దావా అయితే ప్రాథమిక డిక్రీ, కమిషనరు, తుది డిక్రీ అంటూ ఏళ్లు పట్టవచ్చు. పంచలేని ఇల్లు అమ్మకానికీ పోవచ్చు. అయినా దావా పడినంత మాత్రాన రాజీ తలుపు మూసుకోదు. కేసు నడుస్తుండగానే లోక్ అదాలత్‌కు పంపమని కోరండి. అక్కడ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.