ఎల్బీనగర్‌లో అద్దె ఒక్కటే లెక్క కాదు

సమస్య: సూర్యాపేట నుంచి వచ్చే కుటుంబం. భర్తకు మాదాపూర్‌లో ఉద్యోగం, జీతం 40 వేలు. కూతురికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. చూసిన ఇళ్లు మూడు: దిల్‌సుఖ్‌నగర్‌లో 14,500, ఎల్బీనగర్ మెట్రోకు నడక దూరంలో 12,000, హయత్‌నగర్ వైపు లోపలి కాలనీలో 9,500. భార్య ఓటు దిల్‌సుఖ్‌నగర్‌కు, భర్త ఓటు హయత్‌నగర్‌కు. ఏది చవక?

సలహా: దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఎక్కువగా ఉండడానికి కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ వెలిసిన హాస్టళ్లు ఒక కారణం. ఒక గదిలో నలుగురు పిల్లలను ఉంచి తలా ఇంత వసూలు చేసుకోగల యజమానికి కుటుంబం పెద్ద బేరం కాదు. పైగా మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాతి స్టేషనే ఎల్బీనగర్. ఈ మూడు స్టేషన్ల కోసం నెలకు 2,500 అదనం. కూతురికి దారి ఖర్చు మిగులుతుందనుకుంటే, అదీ లేదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ ఛార్జీ లేదు. ఆధార్ చూపితే చాలు.

భర్త ప్రయాణమే అసలు ఖర్చు. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. మాదాపూర్‌కు వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. 2025 మేలో సవరించిన గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. రెండు వైపులా అంతే పడిందనుకున్నా 25 రోజులకు 3,450. ఎల్బీనగర్ ఇంటికైతే అద్దె, ప్రయాణం కలిపి 15,450. హయత్‌నగర్ ఇంటికి దీని మీద మెట్రో దాకా ఆటో ఖర్చు ఉంటుంది. రోజుకు 60 వేసుకుంటే నెలకు 1,500. అద్దెలో మిగిలిన 2,500లో చేతికొచ్చేది వెయ్యి. విజయవాడ హైవే రద్దీలో పోయే సమయం దీనికి కలపలేదు.

ఆ వెయ్యిని తేల్చేది మీటరు. గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా, అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. 200 దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. రెండు మూడు పోర్షన్లకు ఒకే మీటరున్న ఇంట్లో ఈ లాభం దక్కడం కష్టం. యజమానులు దీన్ని తమంతట తాము చెప్పరు. టూలెట్ బోర్డు మీద అసలే ఉండదు. నీళ్ల సంగతీ అంతే. నల్లాకు మీటరు, ఆధార్ అనుసంధానం ఉంటే నెలకు 20 వేల లీటర్లు ఉచితం. బోరు మీదే నడిచే ఇల్లయితే ఎండాకాలంలో ట్యాంకర్ డబ్బులు పంచుకోవాలి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా అన్నదీ ముందే అడగాలి.

రేషన్ కార్డు సూర్యాపేటదైనా ఇబ్బంది లేదు. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున ఇస్తున్న సన్నబియ్యం రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. కూరగాయలకు సరూర్‌నగర్ రైతుబజార్ ఉంది.

విడి మీటరు, నల్లా రెండూ ఉంటే ఎల్బీనగర్ ఇల్లే తీసుకోవాలి. అవి అక్కడ లేక హయత్‌నగర్‌లో ఉంటే భర్త మాటే సరైనది. దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు ఈ జీతానికి అనవసరం.