పత్తిలో నిప్పురవ్వ



ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకి పత్తి సంగతి చెప్పక్కర్లేదు. బేలులో నిప్పురవ్వ పడితే పైకి కనబడదు, లోలోపలే రాజుకుంటుంది. మోహపు చూపు కూడా అంతే.

2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు 497వ సెక్షన్‌ను కొట్టేసింది. చట్టంలో వ్యభిచారం ఇప్పుడు నేరం కాదు, కానీ దేవుని దృష్టిలో పాపమే. మత్తయి 5:28లో యేసుప్రభువు క్రియ దాకా ఆగలేదు. మోహంతో చూసినప్పుడే హృదయంలో అది జరిగిపోయిందన్నారు.

కంటపడటం పాపం కాదు, కోరికతో మళ్లీ మళ్లీ చూడటమే పాపం. అందుకే యోబు 31:1లో తన కళ్లతో నిబంధన చేసుకున్నాడు.

భార్యకి గానీ భర్తకి గానీ చూపించలేని చాటింగ్ మన ఫోన్‌లో ఉందా? మంట ఇల్లంతా అంటుకోకముందే, ఈ రాత్రే ఆపేద్దాం. 51వ కీర్తనలో దావీదులా శుద్ధహృదయం కోసం ప్రార్థిద్దాం. ఆమేన్.