కంఠంలోని రంధ్రం మానే విధం: ట్రాకియాస్టమీ గొట్టం తీసిన తరువాత

తలకు తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడు, పురుగుమందు శరీరంలోకి చేరి ఊపిరి తీసుకొనే కండరాలు చచ్చుబడినప్పుడు, గులియన్ బారే వంటి నరాల వ్యాధి సోకినప్పుడు రోగి చాలా రోజులు వెంటిలేటరుపై ఉండవలసి వస్తుంది. అటువంటి వేళ వైద్యులు మెడ ముందుభాగాన చిన్న రంధ్రం చేసి వాయునాళంలోకి గొట్టం అమరుస్తారు. దీనినే ట్రాకియాస్టమీ అంటారు. రోగి తనంతట తాను ఊపిరి పీల్చి, కఫాన్ని దగ్గి వెలికి తేగలిగినప్పుడు గొట్టాన్ని తీసివేస్తారు.

ఆలంగాయం, గుడియాత్తం ప్రాంతాలవారికి ఇటువంటి చికిత్స వేలూరులో లభిస్తుంది. 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన వైద్యశాల నుండి ఎదిగిన క్రైస్తవ వైద్య కళాశాల, అడుక్కంపారైలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి అక్కడ ఉన్నాయి. గొట్టం తీసి, కుట్టు వేయకుండా కేవలం కట్టు కట్టి పంపినప్పుడు ఇంటివారు కలవరపడడం సహజం. అది నిర్లక్ష్యం కాదు, చికిత్సలో భాగమే.

కుట్టు ఎందుకు వేయరు?

పైచర్మాన్ని మాత్రమే కుట్టివేస్తే వాయునాళం నుండి వచ్చే గాలి, కఫం బయటికి దారిలేక చర్మం కింద చిక్కుకొంటాయి. మెడ ఉబ్బుతుంది, వేలితో నొక్కితే చిటపటమంటుంది, చీము కూడా పట్టవచ్చు. అందువల్ల గాయం లోపలినుండి పైకి మానేటట్లు విడిచిపెడతారు.

గొట్టం తొలగగానే రంధ్రం కుంచించుకుపోవడం మొదలై, ఒకటి రెండు రోజులలోనే బాగా చిన్నదవుతుంది. రక్తంలోని రక్షక కణాలు క్రిములను తొలగిస్తాయి. ఎర్రని కొత్త కండ పుట్టి లోతును నింపుతుంది. అంచులు దగ్గరై, చివరకు చర్మం పైన పరచుకొంటుంది. చాలామందికి 1 నుండి 2 వారాలలో రంధ్రం మూసుకొంటుంది. మచ్చ మాత్రం నెలల తరబడి గట్టిపడుతూ ఉంటుంది.

గొట్టం నెలల తరబడి ఉన్నవారిలో ఆ దారి లోపలి గోడలకు చర్మం పెరిగి, రంధ్రం తనంతట మూసుకోకపోవచ్చు. దానికి చిన్న శస్త్రచికిత్స ఉంది. అదుపులో లేని మధుమేహం, పొగతాగడం, పోషకాహార లోపం గాయాన్ని ఆలస్యంగా మాన్పుతాయి.

ఇంటివద్ద సంరక్షణ

కట్టు గాలి చొరని విధంగా అంటుకొని ఉండాలి. దానిని రోజుకు కనీసం ఒకసారి, తడిసినా కఫం అంటినా వెంటనే మార్చాలి. ముందుగా సబ్బుతో చేతులు కడుగుకోవాలి. గాయం శుభ్రపరచే పద్ధతిని ఆసుపత్రి నర్సు వద్ద స్వయంగా చేసి చూపించి నేర్చుకోవడం మేలు.

మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడు రోగి రెండు వేళ్లతో కట్టుపై మెల్లగా నొక్కిపట్టాలి. లేకుంటే గాలి తోసుకొచ్చి, మూసుకొంటున్న దారిని మళ్లీ తెరుస్తుంది. నొక్కిపట్టినప్పుడు గొంతు స్పష్టంగా వస్తుంది, దగ్గుకు బలమూ చేకూరుతుంది.

స్నానం మెడ కిందివరకే చేయాలి. గాయం పూర్తిగా మానేవరకు చెరువులో, బావిలో దిగకూడదు. పసుపు, బూడిద, కాఫీపొడి, ఆముదం వంటివి అద్దనేకూడదు. చేతిమీది గాయానికి వేసినట్లు దీనికి వేయరాదు; ఈ రంధ్రం నేరుగా ఊపిరితిత్తులకు దారి. అద్దిన పొడి ఊపిరితోపాటు లోపలికి పోతుంది.

భోజనం నిటారుగా కూర్చుండి చిన్న ముద్దలుగా తినాలి. తిన్న ప్రతిసారీ పొలమారితే వైద్యునికి తెలపాలి.

ఆలస్యం చేయరాని సూచనలు

ఊపిరి ఆడకపోవడం, పీల్చేటప్పుడు ఈలవంటి శబ్దం, పెదవులు నీలంగా మారడం, ఆగని రక్తస్రావం, మెడ ఉబ్బడం కనిపిస్తే రోగిని కూర్చుండబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. జ్వరం, చీము, దుర్వాసన, పెరుగుతున్న ఎరుపు ఉంటే ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలు దాటినా గాలి వస్తుంటే చికిత్స చేసిన వైద్యునికి చూపించాలి.

మచ్చ మానిన తరువాత

పైగాయం మానడంతో జాగ్రత్త ముగియదు. గొట్టం ఒరసిన చోట వాయునాళం లోపల కూడా మచ్చ ఏర్పడి, వారాల తరువాతనో నెలల తరువాతనో దారి ఇరుకు కావచ్చు. పెద్దవారి వాయునాళం వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. అది సుమారు 8 మిల్లీమీటర్లకు తగ్గితే నడకలో ఆయాసం వస్తుంది. 5 మిల్లీమీటర్లకు తగ్గితే కూర్చున్నా వస్తుంది. అనగా ఆయాసం తెలిసేనాటికే దారి సగానికి పైగా ఇరుకై ఉంటుంది.

ఈ ఆయాసాన్ని ఉబ్బసమని పొరబడడం కద్దు. పని కోసం ఊరు మారినవారి విషయంలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ. కొత్త ఊరి వైద్యునికి పాత చికిత్స తెలియదు, కాలరు మాటున మచ్చ కనిపించదు. కనుక డిశ్చార్జి పత్రం నకలును, ఫోనులో దాని ఫొటోను ఎల్లప్పుడూ ఉంచుకోవాలి. తమిళం అంతగా రానివారు సైతం ఈ రెండు మాటలు నేర్చుకోవడం మంచిది: ఆయాసాన్ని ‘మూచ్చు తిణరల్’ అంటారు, మెడ చూపి ‘ట్రాకియాస్టమీ పణ్ణియిరుందాంగ’ అంటే ఆ చికిత్స జరిగిందని అర్థం. వైద్యుడు అడగకపోయినా ఈ మాట ముందుగా చెప్పాలి.