బూర్గుల రామకృష్ణారావు : పాండిత్యం, పరిపాలన

రాజకీయ నాయకుని జీవితాన్ని అధ్యయనం చేసేటప్పుడు ఆయన అధిష్ఠించిన పదవులను లెక్కించడం మనకు పరిపాటి. ఆ పదవులలో ఆయన ఏమి చేశారో, వాటిని ఏ విధంగా విడిచారో కూడా పరిశీలించినప్పుడే అధ్యయనం సమగ్రమవుతుంది. హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికల ద్వారా వచ్చిన తొలి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారి జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలిద్దాం.

1899 మార్చి 13న పాలమూరు సీమలో జన్మించిన బూర్గుల, పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివారు. బొంబాయిలో న్యాయశాస్త్ర పట్టం పొంది హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. అనంతర కాలంలో భారత ప్రధాని అయిన పి.వి.నరసింహారావు ఆయన వద్ద జూనియరుగా పనిచేసినవారే. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో, 1931లో దేవరకొండలో జరిగిన ఆంధ్ర మహాసభకు బూర్గుల అధ్యక్షత వహించారు. తెలుగు అభ్యుదయానికై నిలిచిన ఆయనే పారశీక కవులైన ఉమర్ ఖయ్యాం, సర్మద్‌ల కవితను తెలుగు చేశారు. స్వభాషాభిమానానికి పరభాషాద్వేషం అవసరం లేదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి?

1952 మార్చిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1950 నాటి కౌలుదారీ చట్టాన్ని ఆయన ప్రభుత్వం 1954లో సవరించి, రక్షిత కౌలుదారులకు భూమిపై యాజమాన్య హక్కు లభించే మార్గం ఏర్పరచింది. అయితే ఆ పాలనలోనే, 1952 సెప్టెంబరులో, ముల్కీ ఉద్యమ సందర్భంగా హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం కలిగింది. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి ఆ ఘటనపై విచారణ జరిపారు. పాండిత్యాన్ని ప్రశంసించే మనం ఈ విషాదాన్ని విస్మరించరాదు.

తెలంగాణను ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలా, ఆంధ్రతో కలపాలా అన్న ప్రశ్న 1955లో తీవ్రమైంది. తొలుత సంశయించిన బూర్గుల తుదకు విలీనానికి సమ్మతించి, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో భాగస్వాములయ్యారు. ఆ సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా ముఖ్యమంత్రి పదవి నీలం సంజీవరెడ్డి గారికి దక్కింది. ఒప్పందంలోని హామీలు అమలు కాలేదన్న ఆవేదన 1969 ఉద్యమానికి ఒక కారణమైంది. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైంది. కనుక ఆయన నిర్ణయంపై భిన్నాభిప్రాయాలు సహజం. పదవి కోసం దానిని అడ్డుకొనలేదన్నది మాత్రం గమనార్హం.

తరువాత కేరళ, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967 సెప్టెంబరులో కీర్తిశేషులయ్యారు. గుణదోషాలను రెంటినీ తూచి నాయకుని అంచనా వేయడం విద్యార్థి ధర్మం. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో వినవచ్చే మన కళాశాలలో బూర్గుల జీవితం ఆ అభ్యాసానికి తగిన పాఠ్యాంశమని భావిస్తున్నాము.