ఒకటవ తరగతి పాఠము – ఇంటిల్లిపాది పని

పంచాయతీ సమావేశములలో పాఠశాల ప్రస్తావన వచ్చినప్పుడు గోడలు, పైకప్పు, మంచినీరు, మరుగుదొడ్లు చర్చకు వచ్చును. అవి అవసరములే. కాని ఆ గోడల నడుమ ఆరేండ్ల బిడ్డ ఏమి నేర్చుచున్నది, ఇల్లు చేరిన పిదప ఆమెతో ఎవరు మాటలాడుచున్నారు అను ప్రశ్న తరచుగా మిగిలిపోవును. ఈ పాఠములో ఆ ప్రశ్ననే తీసికొనుచున్నాము. ఉదాహరణమునకు హైదరాబాదులో ఇరుగుపొరుగున గల చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలను గైకొందము. నగరపు పేటలు పల్లెకు ఏమి నేర్పగలవని సందేహింపవలదు.

తల్లి భాషలో చదువు

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. నిజాము రాజ్యములో తెలుగువారు ఎందరున్నను, పై చదువులు తెలుగులో సాగు వీలు లేకుండెను. అట్టి కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు మరికొందరు పెద్దల తోడ్పాటుతో బాలికలకు తెలుగున బోధించు పాఠశాలను స్థాపించిరి. నారాయణగూడలోని ఆ బాలికోన్నత పాఠశాల ఆయన పేరుతో ప్రసిద్ధమైనది. ఆయనయే 1951లో హైదరాబాదు నగరమునకు తొలి మేయరు అయిరి.

దీనివలన మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఇంటిలో తల్లి మాటలాడు భాష బడిలో వినబడినప్పుడే తల్లి ఆ చదువులో పాలుపంచుకొనగలదు. లేనిచో బడి ఒక లోకము, ఇల్లు వేరొక లోకము అగును.

నేడు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున, అశోక్ నగర్ వీధులలో, పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు, యువతులు కిక్కిరిసి కనబడుదురు. వారిలో పలువురు పల్లెలనుండి వచ్చినవారే. అంతటి శ్రమకు పునాది పడునది ఒకటవ తరగతిలో. ఆ పునాది బలహీనమైనచో పైకట్టడము నిలువదు.

బడిలో చేయించు పనులు

ఈ మూడు పేర్లనే పాఠముగా చేసి చూడుడు. పేరు పలుకుచు, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క చప్పట్టు కొట్టింపవలెను. అ–శోక్–న–గర్ అన్నచో నాలుగు. చి–క్క–డ–ప–ల్లి అన్నచో అయిదు. నా–రా–య–ణ–గూ–డ అన్నచో ఆరు. బిడ్డకు ధ్వనులు వేరుపరచుట, లెక్కించుట రెండును ఒక్క ఆటలోనే అబ్బును. నారాయణగూడలో నా, రా, గూ అను మూడు దీర్ఘములు కలవు. చిక్కడపల్లిలో రెండు ఒత్తులు కలవు. మొదట దీర్ఘములను గుర్తింపజేసి, ఒత్తులను తరువాత నేర్పుట మేలు.

2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన మెట్రో మార్గమున చిక్కడపల్లి, నారాయణగూడ పేర్లతో రెండు స్టేషనులు కలవు. అచ్చటి బిడ్డకు ఆ పేరు పలకలే వాచకము. మన పల్లెలోనో, బస్సు ఆగుచోటి పలక, రేషను దుకాణము బోర్డు, పంచాయతీ కార్యాలయపు పేరు ఆ పని చేయగలవు. మీ ఊరి పేరుకు ఎన్ని చప్పట్లో నేడే లెక్కింపుడు.

గణితమునకు చింతగింజలు చాలును. పది గింజలలో కొన్నిటిని గుప్పిట దాచి, మిగిలినవి చూపి, దాచినవెన్ని యని అడుగవలెను. ఈనెపుల్లలను పదేసి కట్టలు కట్టినచో పదులు, ఒకట్లు కంటికి కనబడును. అష్టాచెమ్మ ఆటలో నాలుగు గవ్వలు వేసి, వెల్లకిల పడినవెన్ని, బోర్ల పడినవెన్ని యని చెప్పించుటయు కూడికయే.

ఇంటి పని ఏది?

రెండవ తరగతి వరకు ఇంటికి వ్రాతపని ఇయ్యరాదని 2020 నాటి పాఠశాల సంచి విధానము చెప్పుచున్నది. వ్రేళ్ల కండరములు ఇంకను గట్టిపడని బిడ్డచేత ఒకే అక్షరమును నూరుమార్లు వ్రాయించినచో చదువుపై విసుగు పుట్టును. అంతమాత్రమున ఇంటిలో చదువే వలదని కాదు. వ్రాతకు బదులు మాటయు, ఆటయు, పనియు ఉండవలెను. దినమునకు పదునైదు నిమిషములు చాలును.

1. కూరగాయలను రంగును బట్టి, పరిమాణమును బట్టి వేరుచేయించుట.
2. చెంబు నిండుటకు ఎన్ని గ్లాసుల నీరు పట్టునో మొదట ఊహించి చెప్పించి, పిదప కొలిపించుట.
3. భోజనమునకు కూర్చుండువారిని లెక్కించి, సరిపోవు కంచములు పెట్టించుట.
4. అమ్మమ్మ గాని నాయనమ్మ గాని చెప్పిన కథను బిడ్డచేత తిరిగి చెప్పించి, నేలపై సుద్దతో బొమ్మ వేయించుట.
5. సబ్బు కాగితముపై, బిస్కట్టు పొట్లముపై తెలిసిన అక్షరమును వెదకించుట.

ఇందులో దేనికిని తల్లిదండ్రులకు అక్షరజ్ఞానము అవసరము లేదు. “మాకు చదువు రాదు, మేమేమి నేర్పగలము?” అని వెనుకాడు తల్లికి ఈ మాట తప్పక చెప్పవలెను. “ఇవ్వాళ బడిలో ఏం చేసినవు బిడ్డా?” అని అడిగి, చెప్పినంతసేపు వినుటయే ఆమె చేయగల గొప్ప సహాయము. కూలిపని ముగించి ప్రొద్దుగూకిన పిదప వచ్చువారికి భోజనవేళయే పాఠము వేళ. తప్పు చెప్పినచో కొట్టరాదు. పొరుగింటి బిడ్డతో పోల్చరాదు.

పంచాయతీ కర్తవ్యము

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము బడియీడు పిల్లల వివరములు ఉంచుట, వారు బడిలో చేరి హాజరగునట్లు చూచుట స్థానిక సంస్థల విధి. ఆ చట్టము చెప్పిన పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. 2026–27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువవలెను, లెక్కలు చేయవలెను అనునది 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ లక్ష్యము. మన రాష్ట్రమున 2022లో తొలిమెట్టు ఈ పనికే మొదలిడబడినది.

కనుక నెలకొక సాయంత్రము ఒకటవ తరగతి కుటుంబములను బడికి పిలిపించి, పై ఆటలను ఉపాధ్యాయులచేత చూపించుడు. పంచాయతీ భవనములో పిల్లల పుస్తకములకు ఒక మూల కేటాయించుడు. ఊరిలోని పేరు పలకలను పెద్ద తెలుగు అక్షరములతో, తప్పులు లేకుండ వ్రాయించుడు. వలసపోవు కుటుంబముల బిడ్డలను గూర్చి మహిళా సంఘముల సభ్యులతో సంప్రదించి, ఎవరి బిడ్డయు బడికి దూరము కాకుండ చూడుడు.

వీనిలో చాలవాటికి పెద్ద నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలును. వచ్చు సమావేశపు చర్చాంశములలో పైకప్పు మరమ్మతుతోపాటు “ఒకటవ తరగతి” అను మాటను కూడ చేర్చుదురని ఆశించుచున్నాము.