పనిచేయు చేతులు

ధ్యాన భాగము: యాకోబు 2:1–9, మార్కు 6:3



శంషాబాదులోని మెన్నోనైట్ బ్రదరన్ సెంటినరీ బైబిల్ కళాశాల పేరు మనలో అనేకులు వినియున్నారు. ‘మెన్నోనైట్’ అను పేరు డచ్చి దేశస్థుడైన మెన్నో సైమన్స్ (1496–1561) నుండి వచ్చినది. ఆ విశ్వాసులలో చేరిన యాన్ లైకెన్ (1649–1712) అను చిత్రకారుడు, తన కుమారుడు కాస్పరుతో కలిసి 1694లో ఆమ్‌స్టర్‌డామ్ పట్టణమందు ఒక పుస్తకము ప్రకటించెను. అందులో నూరు వృత్తుల బొమ్మలున్నవి. ప్రతి బొమ్మకును ఒక చిన్న పద్యము చేర్చి, ఆ పనినుండి ఆత్మీయ పాఠమును చెప్పిరి.

అట్టి బొమ్మలను చేయు విధమేదనగా, రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో గీతలు గీసి, రేకును ఆమ్లములో నుంచుదురు. గీత పడినచోట ఆమ్లము రాగిని తినివేయును. ఆ గాడులలో సిరా నింపి, కాగితముమీద అదిమినచో బొమ్మ దిగును. ఒక్క రేకునుండి అనేక ప్రతులు తీయవచ్చును. కావున రంగుల పటము కొనలేని ఇంటివారును వీటిని కొనగలిగిరి.

అయితే ఆ దేశపు బొమ్మలన్నియు బీదలను గౌరవించినవి కావు. తాగి తూలు పల్లెటూరివారిని చూపి పట్టణస్థులను నవ్వించినవి పెక్కు కలవు. బిచ్చగాండ్రను మోసగాండ్రుగా చూపినవియు కలవు. కాని 1648లో రెంబ్రాంట్ గీసిన బొమ్మను తలంచుడి. బిడ్డను వీపున మోయు తల్లి, ఒక బాలుడు, ఒక వృద్ధుడు ఒక ఇంటి వాకిట నిలిచియున్నారు. ఇంటి యజమానుడు ఆ తల్లి చేతిలో నాణెము పెట్టుచున్నాడు. అందులో ఎగతాళి లేదు. 1653లో ఆడ్రియాన్ వాన్ ఓస్టేడ్ భోజనమునకు ముందు ప్రార్థించు బీద కుటుంబమును గీసెను. వారి లేమి దాచబడలేదు, వారి భక్తియు దాచబడలేదు.

లైకెన్ పుస్తకములో కంసాలికి ఒక పుట, చెప్పులు కుట్టువానికి ఒక పుట. రెండును ఒకే కొలతవి. ఇది మనము మరి మరి తలంచవలసిన సంగతి. మన గ్రామములలో చేతిపనినిబట్టి మనుష్యుని కులమును, కులమునుబట్టి అతని ఇల్లు ఊరిలోనా, ఊరి వెలుపలనా అనునదియు నిర్ణయించిరి. తోలుపని చేసినవానిని దూరముగా నిలువబెట్టి, అతడు కుట్టిన చెప్పులనే తొడుగుకొనిరి. మన ప్రభువును వడ్లవాడని పిలిచినవారు కూడ ఆ మాటతోనే ఆయనను తక్కువ చేయజూచిరి.

2008వ సంవత్సరమున శంషాబాదులో విమానాశ్రయము తెరువబడెను. ఒకప్పుడు పొలములున్నచోట నేడు విమానములు దిగుచున్నవి. అక్కడ నేల ఊడ్చువారు, మూటలు మోయువారు, కార్లు నడుపువారు రేయింబవళ్లు పనిచేయుచున్నారు. వారిలో మన బిడ్డలును ఉన్నారు. ప్రయాణికులలో ఎందరు వారి ముఖమువైపు చూతురు? అది అటుండనిండు. మన ఆరాధనలో కుర్చీ ఎవరికి, చాప ఎవరికి? ఎవరిని ‘అయ్యగారు’ అందుము, ఎవరిని ‘ఒరేయ్’ అందుము?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మన ఊరి పనివారిని ఒక్కొక్కరినిగా, వారి పనిపేరుతో గాక సొంత పేరుతో జ్ఞాపకము చేసికొందము. పేరు తెలియనిచో వెళ్లి అడిగి తెలిసికొందము. పక్షపాతమును విడుచుటకు అది మొదటి మెట్టు.