పడవెక్కిన పుస్తకాలు

లైబ్రరీకి ఎవరూ రావట్లేదంటే మనం చేసే మొదటి పని, లైబ్రరీ గుమ్మం మీద ఓ పోస్టర్ అంటించడం. దాన్ని చదివేది ఎవరు? ఎలాగూ అక్కడికి వచ్చేవాళ్లే కదా!

1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు ఇంకోలా ఆలోచించారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. అంతకు నాలుగేళ్ల ముందే తమిళనాడులోని మన్నార్‌గుడిలో ఎద్దుబండి ఎక్కి పుస్తకాలు పల్లెలకు వెళ్లాయి. నాకు మాత్రం పడవే ఎక్కువ నచ్చింది. పడవ ప్రయాణం నెమ్మది. కూర్చున్నవాళ్లకు బోలెడంత ఖాళీ, చేతిలో ఫోన్ లేదు. ఆ ఖాళీ ఎక్కడుందో కనిపెట్టడమే అసలు మార్కెటింగ్.

మరి మన కాలువ ఏది? కాలేజీ బస్సు. డ్రైవర్ అన్న సీటు వెనక ఇరవై పుస్తకాలతో ఓ పెట్టె, రోల్ నంబర్ రాయడానికి నోటుబుక్కు చాలు. సబ్జెక్ట్ పుస్తకాలు వద్దు బాబోయ్! ఒక ట్రిప్పులో అయిపోయే కథలు పెడదాం. రెండు భాగాల నవలైతే మొదటిది బస్సులో, రెండోది లైబ్రరీలో. పోస్టర్ చేయలేని పని అది చేస్తుంది.

"పుస్తకాలు పోతాయి" అంటారు. కొన్ని పోతాయి, నిజమే. బీరువాలో తాళం వేసి ఉన్నవి మాత్రం ఎవరి చేతిలో ఉన్నట్టు?

ముందు ఒక్క రూటులో చూద్దాం. పెన్నుకి దారం కట్టండి, అది మాత్రం మొదటి రోజే పోతుంది.